ఆస్ట్రోగోతుల రాజ్యము

ఇటలీ దేశమున రావెన్నా నగరమందు ఒక సమాధి మందిరము కలదు. దాని పైకప్పు ఒకే శిల. ఆ శిల వెడల్పు 30 అడుగులకు మించును. బరువు 200 టన్నులకు పైబడును. ఆస్ట్రోగోతుల రాజైన థియోడొరిక్ దానిని తనకొఱకు కట్టించుకొనెను. నేడు అందులో అతని యస్థులు లేవు.

ఆస్ట్రోగోతులు జర్మను జాతులలో ఒక శాఖవారు. చిరకాలము హూణులకు లోబడియుండి, 453లో హూణరాజు అట్టిలా మరణింపగా స్వతంత్రులై, డాన్యూబు నదీ ప్రాంతమున నిలిచిరి. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తితో సంధి కుదిరినప్పుడు, దానికి పూచీగా రాకుమారుడగు థియోడొరిక్‌ను ఏడెనిమిదేండ్ల ప్రాయముననే ఆ నగరమునకు పంపిరి. పదియేండ్లు అచట పెరిగి, అతడు రోమనుల పరిపాలనా విధానమును కన్నులార చూచెను.

476లో ఓడోయేసర్ అను సేనాని పశ్చిమ రోమను చక్రవర్తిని తొలగించి ఇటలీని ఆక్రమించుకొనెను. 488లో జీనో చక్రవర్తి అతనిపైకి థియోడొరిక్‌ను పంపెను. గోతులు ఆలుబిడ్డలతో, బండ్లతో, పశువులతో కదలిరి. రావెన్నా ముట్టడి మూడవయేటికి గాని ముగియలేదు. ఇరువురును కలిసి యేలుటకు ఒడంబడిక జరిగెను. కొలది దినములకే విందునకు పిలిచి, థియోడొరిక్ తన చేతి కత్తితోనే ఓడోయేసర్‌ను నరికెను. అతని గొప్పతనమును చెప్పువారు ఈ మాటను దాచరాదు.

అట్లు సంపాదించిన రాజ్యమును అతడు 33 ఏండ్లు చక్కగా నేలెను. గోతులు కత్తి పట్టవలెను, రోమనులు కలము పట్టవలెను. ఇదియే అతని యేర్పాటు. కాసియొడోరస్ అను రోమను పండితుడు అతని ఆజ్ఞాపత్రములను వ్రాసెడివాడు. రోము నగరమునకు నీరు తెచ్చు కాలువలు బాగుపడెను. రావెన్నాలో అల్లరి మూకలు యూదుల ప్రార్థనాలయములను తగులబెట్టగా, పురజనులే సొమ్ము వేసికొని తిరిగి కట్టింపవలెనని అతడు శాసించెను.

వార్ధక్యమున అతని మనస్సున అనుమానము ప్రవేశించెను. తూర్పు చక్రవర్తితో రహస్యముగా మంతనములు సాగించెనని ఒక రోమను ప్రముఖునిపై నేరము మోపబడెను. మంత్రియు మహాపండితుడునైన బోయీథియస్ అతని పక్షమున మాటలాడెను. ఆ మాటకే చెఱసాల, పిదప మరణదండనము! చెఱలో బోయీథియస్ వ్రాసిన తత్త్వగ్రంథమును లోకము నేటికిని చదువుచున్నది. రాజునకును రోమనులకును నడుమనున్న నమ్మకము మాత్రము మరల అతుకలేదు.

526లో థియోడొరిక్ మరణించెను. మనుమడు బాలుడు, తల్లి అమలసుంత రాజ్యభారము వహించెను. ఆమె కుమారునకు చదువు చెప్పింపబూనగా, ఉపాధ్యాయుని బెత్తమునకు జడిసినవాడు శత్రువు కత్తికి నిలువజాలడని గోతు ప్రముఖులు అడ్డగించిరి. చదువు మాని, దుస్సాంగత్యమున త్రాగుడు మరగి, ఆ బాలుడు 534లో మరణించెను. మరుసటియేట, తాను సింహాసనమెక్కించిన జ్ఞాతియే చెఱపట్టింపగా, అమలసుంత చెఱలోనే చంపబడెను.

జస్టీనియన్ చక్రవర్తి అదే సాకుగా 535లో దండెత్తించెను. 537లో, బెలిసేరియస్ సేనాని రక్షణలోనున్న రోమును గోతులు ముట్టడించి నీటికాలువలను తెగగొట్టిరి. అవి వారి రాజు బాగుచేయించిన కాలువలే! టోటిలా అను వీరుడు పోయిన భూమిని చాలవఱకు మరల గెలిచెను గాని, 552లో నార్సెస్ సేనాని చేత ఓడి మడిసెను.

కడపటి రాజు తేయా. వెసూవియస్ పర్వత ప్రాంతమున అతడు సేన ముందు నిలిచి పోరెను. డాలున 12 ఈటెలు గ్రుచ్చుకొని బరువెక్కగా, వేఱొక డాలు అందుకొను క్షణమున రొమ్మునకు ఈటె తగిలి కూలెను. మరునాడును పోరాడి, పిదప మిగిలిన గోతులు తమ సొమ్ము తీసికొని ఇటలీ విడిచిపోవుటకు నార్సెస్‌ను అనుమతి వేడిరి. అతడందులకు అంగీకరించెను.