పాటను మోసేదెవరు?

చిరంజీవి అమ్మలుకు,


పాత డెస్క్‌టాప్‌లో ఉన్న పాటలన్నీ హాల్లో యాంప్లిఫయర్‌లోనూ, అమ్మమ్మ గదిలోనూ, వంటింట్లోనూ వినపడాలంటే ఏం కొనాలని అడిగావు. కొనే సంగతి తర్వాత చూద్దాం. ముందు నీకు ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటు కావాలి. పాట కంప్యూటర్లోంచి స్పీకర్ దాకా వెళ్లేటప్పుడు దాన్ని మోస్తున్నదెవరు? దీనికి జవాబు తెలిస్తే ఏ కంపెనీ పెట్టె ముందు కూర్చున్నా నీకు దారి దొరుకుతుంది. తెలియకపోతే యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం, రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యడం తప్ప ఇంకేం తోచదు.

మోసే పద్ధతులు రెండున్నాయి. మొదటిదాంట్లో భారమంతా కంప్యూటర్‌దే. ఫైలు తెరిచి, దాన్ని ధ్వనిగా విప్పి, ఆ ధ్వనిని క్షణం క్షణం స్పీకర్‌కి పంపుతూ ఉంటుంది. బ్లూటూత్ చేసేది ఇదే. యాపిల్ వాళ్లు 2004లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అని గోడ ప్లగ్గులో పెట్టే చిన్న పెట్టె తెచ్చి, ఐట్యూన్స్‌లోని పాటను ఇంట్లో స్టీరియోకి పంపే ఎయిర్‌ట్యూన్స్ మొదలుపెట్టినప్పుడూ ఇదే పద్ధతి. 2010లో దాని పేరు ఎయిర్‌ప్లే అయింది. ఈ పద్ధతిలో సుఖం ఏమిటంటే కంప్యూటర్లో ఏది మోగితే అది స్పీకర్‌లో మోగుతుంది. కష్టం కూడా అక్కడే ఉంది. కంప్యూటర్ మొత్తం శబ్దాన్ని పంపుతుంటే మెయిల్ వచ్చిన చప్పుడు కూడా కీర్తన మధ్యలో యాంప్లిఫయర్‌లో పడుతుంది. ల్యాప్‌టాప్ మూత వేశావా, పాట పోయింది. బ్లూటూత్‌లో ఇంకో చిక్కు. ఎంపీ3 అసలే కుదించిన ఫైలు. దాన్ని విప్పి, ఎస్‌బీసీ అనే పద్ధతిలో మళ్లీ కుదించి పంపుతుంది. అది మామూలుగా సెకనుకి 328 కిలోబిట్లు దాటదు. వంటింట్లో పోపు పెడుతూ వినడానికి చాలు. హాల్లో తాతయ్య కొన్న స్పీకర్లకి అది అన్యాయం.

రెండో పద్ధతిలో కంప్యూటర్ ధ్వని పంపదు. అడిగినవాళ్లకి ఫైలు ఇచ్చే సర్వర్‌గా కూర్చుంటుంది. స్పీకర్ దగ్గర ఉన్న ప్లేయరే వచ్చి ఫైలు అడుగుతుంది, తెచ్చుకుంటుంది, విప్పుతుంది, వాయిస్తుంది. నీ చేతిలో ఫోన్ ఉత్త రిమోట్. అది స్విచాఫ్ అయినా పాట ఆగదు. సోనీ, ఇంటెల్ మొదలైన కంపెనీలు 2003లో జట్టుకట్టి డీఎల్ఎన్ఏ పేరుతో తెచ్చిన నియమాలు ఈ దారివే. ఆ జట్టు 2017లో రద్దయింది కానీ దాని నియమాలు ఎన్నో టీవీల్లో ఇంకా పనిచేస్తున్నాయి. మీ హాల్లో టీవీలో కంప్యూటర్ పేరు దానంతట అదే కనపడుతోందని రాశావే, అది ఈ నియమాల చలవే. కానీ కచేరీ వినేవాళ్లకి డీఎల్ఎన్ఏతో ఒక పేచీ ఉంది. ఒక పాట అవుతుండగానే తర్వాతి పాటను సిద్ధంగా ఉంచుకొమ్మని చెప్పే ఆదేశం అందులో ఐచ్ఛికం. చాలా పరికరాలు దాన్ని పట్టించుకోవు. సీడీలో రాగాలాపన ఒక ట్రాక్, కృతి ఇంకో ట్రాక్, తని ఆవర్తనం మరో ట్రాక్ అని కోసి ఉంటారు కదా. ఆ కోసిన ప్రతిచోటా అర సెకను మౌనం పడుతుంది. మృదంగం మీద తీర్మానం ముగిసి పల్లవి ఎత్తుకోవాల్సిన చోట అలా తెగితే వినేవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. ఏ ప్లేయరైనా తీసుకునే ముందు ఇలాంటి కచేరీ ఒకటి పెట్టి ఆ అతుకు దగ్గర చెవి పెట్టి చూడు.

నా సలహా అడిగితే డెస్క్‌టాప్‌లో లిరియన్ మ్యూజిక్ సర్వర్ పెట్టుకో. దాని పుట్టుక తెలుసుకోదగ్గది. కాలిఫోర్నియాలో స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ 2001లో కంప్యూటర్లోని ఎంపీ3లను స్టీరియోలో వాయించే ప్లేయర్ ఒకటి చేసింది. 2003లో స్క్వీజ్‌బాక్స్ తెచ్చింది. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొనుక్కుంది, 2012లో ఆ ప్లేయర్లను ఆపేసింది. మామూలుగా అయితే కథ అక్కడితో సరి. కానీ సర్వర్ కోడ్ మొదటినుంచీ అందరికీ తెరిచే ఉంది. వాడేవాళ్లే దాన్ని నడుపుకుంటూ వచ్చారు. 2024 నుంచి లిరియన్ అన్న పేరుతో నడుస్తోంది. ఇప్పుడు గూగుల్ వాళ్ల క్రోమ్‌కాస్ట్ ఆడియోని చూడు. 2015లో వచ్చింది, మంచి పరికరం, 2019 జనవరికల్లా ఆపేశారు. 2025 మార్చిలో దానిలోని డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయి, ఎక్కడో ఒకరి ఇంట్లో కాదు, ప్రపంచమంతా ఒక్కసారే మొరాయించాయి. గూగుల్ అప్‌డేట్ పంపేదాకా ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. నీ ఇంట్లో పాట నీ ఇంట్లో స్పీకర్‌కి చేరడానికి బయటివాళ్ల అనుమతి అవసరం లేని ఏర్పాటే చేసుకో అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక పాట మధ్యలో తెగడం గురించి. సీడీలో ఒక సెకను సంగీతం ఎంతో లెక్క కట్టు. సెకనుకి 44,100 కొలతలు, ఒక్కో కొలతకి 16 బిట్లు, కుడి ఎడమ రెండు చానెళ్లు. గుణిస్తే 14,11,200 బిట్లు, సుమారు 1.4 మెగాబిట్లు. ఫ్లాక్ అనే ఫైలు పద్ధతిలో పెడితే ఒక్క బిట్టు పోకుండానే ఇది సగానికో, ఇంకాస్త ఎక్కువకో దిగుతుంది. మీ వైఫై దీనికి ఎన్నో రెట్లు మోయగలదు. కాబట్టి నెట్ ప్లాన్ పెంచుకుంటే బాగవుతుందని ఎవరైనా చెబితే వినకు. తెగడానికి కారణం నిలకడ లేకపోవడం. పక్కింటి రౌటర్లు మూడూ అదే చానెల్‌లో ఉంటాయి, మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉంటుంది, ఓ రెండు క్షణాలు డేటా రాదు. అందుకే ప్లేయర్ కొంత పాటను ముందుగానే తెచ్చి బఫర్‌లో ఉంచుకుంటుంది. మునిసిపాలిటీ నీళ్లు వచ్చినా రాకపోయినా మేడ మీద ట్యాంకులో ఉన్నంతసేపు కుళాయి ధార సమంగా పడినట్టు. ఆ ట్యాంకు ఖాళీ అయ్యేంతసేపు డేటా రాకపోతేనే నీకు తెగినట్టు వినపడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగం ఎక్కువే కానీ గోడ దాటేసరికి నీరసిస్తుంది. అమ్మమ్మ గదికి 2.4 వాడు, చానెల్ 1, 6, 11లలో ఏది తక్కువ రద్దీగా ఉంటే అది పెట్టు. హాల్లో ప్లేయర్‌కి మాత్రం లాన్ వైరు లాగించు. దానికి సాటి లేదు.

మూడు గదుల్లో ఒకే పాట ఒకేసారి వినపడాలన్నావు. ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ప్రతి ప్లేయర్లోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికం కాలం కొలుస్తూ ఉంటుంది. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉందనుకో. వినడానికి ఎంత చిన్నది! కానీ గంటకి 3,600 సెకన్లు. అంటే రెండు ప్లేయర్లనీ ఒకేసారి మొదలుపెట్టినా గంటయ్యేసరికి ఒకటి ఇంకోదానికంటే 180 మిల్లీసెకన్లు ముందుంటుంది. చెవి 30, 40 మిల్లీసెకన్ల దాకా రెండు శబ్దాల్ని ఒకటిగానే కలుపుకుంటుంది. అది దాటితే ప్రతిధ్వని. వసారాలో నిలబడితే మృదంగం మీద ఒక్క దెబ్బ రెండు దెబ్బలుగా వినపడుతుంది. కాబట్టి మొదట ఒక్కసారి కలిపి వదిలేస్తే కుదరదు, పాట నడుస్తున్నంతసేపూ కలుపుతూనే ఉండాలి. లిరియన్‌లో ప్రతి ప్లేయరూ తాను పాటలో ఎక్కడుందో సర్వర్‌కి చెబుతూ ఉంటుంది. వెనకబడ్డదాన్ని కొన్ని మిల్లీసెకన్లు దూకమంటుంది, ముందు వెళ్తున్నదాన్ని ఆగమంటుంది. స్నాప్‌కాస్ట్ అనే ఇంకో ప్రోగ్రాం ధ్వనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా అది ఎప్పుడు మోగాలో టైము రాసి పంపుతుంది. నువ్వు ప్రోగ్రామింగ్ చదువుతున్నదానివి. దాని కోడ్ తెరిచి చదువు. ఒక సెమిస్టరు పాఠం అందులో ఉంది.

బ్లూటూత్ స్పీకర్లకి ఇలాంటి బేరం కుదరదు. వంటింట్లో ఉన్నది ఈ జట్టులో కలవదు, దాన్ని విడిగానే ఉండనీ.

నీకు తప్పకుండా ఎదురయ్యే అవస్థ ఒకటి ఇప్పుడే చెబుతాను. అన్నీ సరిగ్గా పెడతావు, ఫోన్‌లో ప్లేయర్ పేరు మాత్రం కనపడదు. నూటికి తొంభైపాళ్లు కారణం ఫైబర్ వాళ్లు ఇచ్చిన పెట్టె, దానికి తగిలించిన మీ సొంత రౌటర్. రెండూ వైఫై ఇస్తుంటాయి. డెస్క్‌టాప్ ఒకదానికి, ఫోన్ ఇంకోదానికి అంటుకుంటాయి. ఒకదాని ఐపీ అడ్రసు 192.168.1తో మొదలైతే రెండోదానిది 192.168.0తో మొదలవుతుంది. ఈ పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునేది "ఇక్కడెవరైనా ఉన్నారా" అని ఆ నెట్‌వర్క్ అంతటికీ కేక వేసి. ఆ కేక రౌటర్ గడప దాటదు. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. గెస్ట్ వైఫైలో ఉన్నా ఇదే గతి. అప్పటికీ కనపడకపోతే విండోస్‌లో నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందేమో చూసి ప్రైవేట్ చెయ్యి, ఫైర్‌వాల్‌లో 9000, 3483 పోర్టులు వదులు.

కొనాల్సినవి కొద్దే. హాలుకీ, అమ్మమ్మ గదికీ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒక్కోటి, దాని మీద కూర్చుని అంకెల్ని ధ్వని సంకేతంగా మార్చే డాక్ బోర్డు. పై 4లో ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రంతో సరిపెట్టకు, దాని నాణ్యత అంతంతమాత్రం. పై 5లో ఆ రంధ్రమే లేదు. వాటిలో పైకోర్‌ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ వెయ్యి. అది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా మెమరీ కార్డు పాడవుతుందన్న బెంగ ఉండదు. మీ ఊళ్లో అది చిన్న విషయం కాదు. యాంప్లిఫయర్ వెనక ఫోనో అని రాసిన చోట మాత్రం డాక్ వైరు పెట్టకు. అది గ్రామఫోన్ ముల్లు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం కోసం చేసినది, ధ్వని బద్దలైపోతుంది. ఆక్స్ అని ఉన్నచోట పెట్టు.

అసలు శ్రమ ఇంతకీ పరికరాల్లో లేదు, పేర్లలో ఉంది. సర్వర్ ఫైలు పేరు చూడదు, ఫైల్లోపల ట్యాగుల్లో ఏం రాసి ఉందో అది చూస్తుంది. మన పాత ఎంపీ3ల్లో ఆల్బమ్ పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైటు పేరు ఉంటుంది. ఘంటసాల గారి పేరు ఇంగ్లిషులో రెండు స్పెల్లింగులు, తెలుగులో ఒకటి, కంప్యూటర్‌కి వాళ్లు ముగ్గురు మనుషులు. సినిమా పాటలకి ఇంకో తంటా. శంకరాభరణంలో బాలసుబ్రహ్మణ్యం గారు, జానకి గారు, వాణీజయరాం గారు పాడారు. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి ఖాళీగా ఉంటే గాయకులు మారినప్పుడల్లా ఒకే సినిమా నాలుగైదు ముక్కలుగా కనపడే ప్రమాదముంది. ఆ గడిలో ప్రతి పాటకీ కె.వి. మహదేవన్ అనే పెట్టు, సినిమా అంతా ఒక్కచోట చేరుతుంది. కీర్తనలకి వాగ్గేయకారుడి పేరు కంపోజర్ గడిలో, రాగం కామెంట్ గడిలో రాయి. తెలుగులోనే రాయి. ఫ్లాక్ ట్యాగులు యూనికోడ్‌లోనే ఉంటాయి, అక్షరాలు గళ్లుగా మారవు. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంలో వంద పాటలు ఎంచుకుని ఒక్కసారే మార్చవచ్చు. అమ్మమ్మ పక్కన కూర్చుని చెయ్యి. ఏ పాట ఎవరిదో ఆవిడకి తెలిసినంత ఏ డేటాబేసుకీ తెలియదు.

ఇంకొక్కటి. ఆ డిస్కులో తాతయ్య కేసెట్ల మీద పట్టుకున్న విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని రికార్డింగులున్నాయి. సినిమా పాటలు పోతే ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతాయి. ఇవి దొరకవు. సర్వర్ ఎక్కించకముందే, ట్యాగులు ముట్టకముందే, వేరే హార్డ్‌డిస్కు మీదికి మొత్తం కాపీ చెయ్యి. ఆ కాపీని ఇంట్లో ఉంచకు, నాకు పంపు. నా దగ్గర భద్రంగా ఉంటుంది. పండక్కి వచ్చినప్పుడు డాక్ బోర్డులు నేనే తెస్తాను. ఆలోపు లాన్ వైరు ఎన్ని మీటర్లు కావాలో కొలిచి ఉంచు.

మీ మావయ్య