ఇంటి పన్ను రసీదులో పేరుంటే ఇల్లు మీదైపోదు

హైదరాబాద్‌లో కవాడిగూడ, భోలక్‌పూర్, దోమల్‌గూడ, అశోక్‌నగర్ వైపు నుంచి ఈమధ్య నా దగ్గరికి వస్తున్న ఇళ్ల తగాదాల్లో ఫైలు తెరవగానే పైన ఒకటే కాగితం కనిపిస్తోంది: జీహెచ్‌ఎంసీ ఇంటి పన్ను రసీదు. కొందరైతే లామినేషన్ చేయించి మరీ తెస్తున్నారు. దాని కింద నోటరీ ముద్ర ఉన్న అమ్మకపు ఒప్పందం, కరెంటు బిల్లు, ఆధార్ నకలు ఉంటాయి. రిజిస్టరైన దస్తావేజు ఏదంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. “బల్దియా రికార్డులో పేరుంది కదా సార్” అంటారు. పేరు ఉన్నమాట నిజమే. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో బల్దియా, అంటే కార్పొరేషన్, రాసుకున్న పేరు అది. ఇల్లు ఎవరిదో దాన్నిబట్టి ఏ కోర్టూ తేల్చదు.

అసలు బల్దియా పుట్టింది హక్కులు తేల్చడానికి కాదు. 1869లో, మొదటి సాలార్ జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో, రోడ్ల నిర్వహణ, పారిశుద్ధ్యం చూడటానికి నగరంలో మునిసిపల్ పాలన మొదలైంది. 1933లో చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ హైదరాబాద్‌లో కలిసింది. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్ కలిసింది. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలుపుకొని జీహెచ్‌ఎంసీ అయింది. 2023 జూన్‌లో వార్డు కార్యాలయాలు తెరిచి, ఫిర్యాదుకు దూరం పోనక్కర్లేదన్నారు. బోర్డు మారింది, హద్దులు మారాయి, చట్టం మాత్రం 1955 నాటిదే, పేరు మార్చుకుని నడుస్తోంది. ఆ చట్టం కింద రోడ్డు, చెత్త, ఇంటి ప్లాను అనుమతి, జనన మరణాల నమోదు, ఇంటి పన్ను కార్పొరేషన్ పనులు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ప్రభుత్వ స్థలంలో కట్టుకున్న ఇంటికి జీవో 58, 59 కింద పట్టా తహసీల్దార్ ద్వారా నడిచే వ్యవహారాలు. దస్తావేజు రాయించి నమోదు చేయించుకోవాల్సింది చిక్కడపల్లి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం లాంటి చోట. హక్కుపై తగాదా వస్తే తేల్చేది సివిల్ కోర్టు. నాలుగూ నాలుగు గుమ్మాలు. ఒక గుమ్మంలో ఇచ్చిన కాగితం ఇంకో గుమ్మంలో పని చేస్తుందనుకునే జనం మునిగిపోతున్నారు.

ఇప్పుడు నా బల్ల మీదున్న కేసు చెబుతాను. కవాడిగూడలో అరవై గజాల ఇల్లు. తండ్రి సంపాదించుకున్నది. ఆయన వీలునామా రాయకుండా పోయాడు, తల్లి అంతకుముందే పోయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్ద కొడుకు మరణ ధ్రువపత్రం పెట్టి, తానొక్కడే వారసుడినని అఫిడవిట్ రాసిచ్చి, పన్ను రికార్డులో తన పేరు ఎక్కించుకున్నాడు. ఆ రసీదు చూపించి కర్రీ పాయింట్ నడుపుకునే ఒకావిడకు ఇల్లు అమ్మాడు. ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్ చేస్తానని నోటరీ కాగితం మీద రాశాడు, పైకమంతా తీసుకున్నాడు, తాళాలిచ్చాడు. కరెంటు మీటరు ఆమె పేరుకు మారింది. పన్ను ఆమే కడుతోంది. రిజిస్ట్రేషన్ మాటెత్తినప్పుడల్లా “ఇంట్లో ఉన్నది నువ్వే కదమ్మా, తొందరేముంది” అన్నాడు. ఆమె నమ్మింది.

ఆ నమ్మకం ఖరీదు చూడండి. ఒప్పందాన్ని అమలు చేయించాలంటూ దావా వేయడానికి లిమిటేషన్ చట్టం మూడేళ్ల గడువే ఇస్తుంది. కాగితంలో తేదీ రాసుకుంటే గడువు ఆ తేదీ నుంచే లెక్క. ఆమె పన్ను కట్టుకుంటూ కూర్చుంది, గడువు దాటిపోయింది. ఇప్పుడు ఆ ఇంటి కూతురు పార్టిషన్ దావా వేసింది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ తలా మూడో వంతు. అంటే గడువులోగా దావా వేసి గెలిచినా కొన్నావిడకు దక్కేది అమ్మిన అన్న వాటా వరకే. రసీదులో ఒక్క పేరు ఉన్నంత మాత్రాన మిగతా ఇద్దరి వాటాలు ఎక్కడికీ పోలేదు.

ఇక ఆ నోటరీ కాగితం. స్వాధీనం అప్పగించినట్టు అందులో రాసి ఉంది కాబట్టి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ దృష్టిలో అది అమ్మకం కిందే లెక్క. కోర్టులో పెట్టగానే ఎదుటి వకీలు లేచి అభ్యంతరం చెప్పాడు. తక్కువ పడిన డ్యూటీ, దానికి పదింతల జరిమానా కట్టనిదే అది సాక్ష్యంగా చెల్లదు. స్వాధీనాన్నైనా కాపాడుకుందామంటే, ఆస్తి బదిలీ చట్టానికి 2001లో వచ్చిన సవరణ తర్వాత ఒప్పందం రిజిస్టర్ కాకపోతే ఆ రక్షణ కూడా లేదు. నోటరీ అంటే సంతకం పెట్టింది ఫలానా మనిషేనని ముద్ర కొట్టడం. వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైతేనే అమ్మకం. నోటరీ పత్రాల క్రమబద్ధీకరణకు 2023లో ప్రభుత్వం జీవో 84 ఇస్తే, హైకోర్టులో పిల్ పడి అమలు ఆగింది. రేపేదో జీవో వస్తుందని ఇవాళ డబ్బు పోయకండి.

మళ్లీ చెబుతున్నాను: మ్యుటేషన్, అంటే పన్ను రికార్డులో పేరు మార్పు, హక్కు ఇవ్వదు. సుప్రీంకోర్టు 2021లో జితేంద్ర సింగ్ కేసులోనూ ఇదే చెప్పింది, అంతకుముందు ఎన్నోసార్లు చెప్పింది. అమ్మకపు ఒప్పందాలు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)లతో స్థిరాస్తి చేతులు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. అయినా “మ్యుటేషన్ అయిందంటే అంతా అయినట్టే” అని ధైర్యం చెప్పే బిల్ కలెక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక కార్యాలయంలో ఓ అధికారి నా ముందే అలా అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసివ్వమంటే ఫోను వచ్చిందని లేచి వెళ్లాడు. పేదవాళ్ల జీవితకాలపు పొదుపుతో ఇలా తేలిగ్గా మాట్లాడటం దుర్మార్గం.

అనుమతి లేకుండా వేసిన పై అంతస్తు విషయంలోనూ ఇదే భ్రమ. దానికీ పన్ను వేస్తారు, పెనాల్టీతో కలిపి వేస్తారు. కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు, కూల్చివేత నోటీసు ఇచ్చే అధికారమూ పోదు.

కొనే ముందు అమ్మేవాడి పేరిట రిజిస్టర్డ్ దస్తావేజు, దాని వెనుక లింకు డాక్యుమెంట్లు అడగండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ దగ్గర వెతికించాలి. నోటరీ ఒప్పందాలు ఈసీలో కనపడవు కాబట్టి ఇంట్లో ఉన్నదెవరో వెళ్లి చూడండి, ఇరుగుపొరుగును అడగండి. తండ్రి ఆస్తయితే ఆడపిల్లలతో సహా వారసులందరూ సేల్ డీడ్‌పై సంతకం చేయాలి, లేదా వాటా వదులుకున్నట్టు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఉండాలి. రసీదులో పేరు ఏ కాగితం ఆధారంగా ఎక్కిందో అనుమానముంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఆ మ్యుటేషన్ ఫైలు నకలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి. మా కేసులో ఆ “ఒక్కడే వారసుడు” అఫిడవిట్ బయటపడింది ఇలాగే. ఇప్పుడు ఆ పెద్ద కొడుకుపై క్రిమినల్ ఫిర్యాదుకు, పైకం రాబట్టే ప్రయత్నానికి మాకున్న గట్టి ఆధారం అదే.

మొన్న ఆ కర్రీ పాయింట్ ఆవిడ అడిగింది, ఇంత జరిగాక పన్ను ఎందుకు కట్టాలి సార్ అని. కట్టమన్నాను. బకాయి పడితే నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది, పైగా దావా తేలేదాకా ఇంట్లో ఉన్నది తానేనని చూపించడానికి ఆ రసీదు పనికొస్తుంది. దానితో అయ్యే పని అంతవరకే.