సర్టిఫికెట్ సరే, పని చూశావా చెల్లీ?

ఏమ్మా, వేసవి ఇంటర్న్‌షిప్ అనగానే హాస్టల్ గ్రూపులో ఒకటే హడావుడి కదూ! ఎవరో ఒక లింకు పెడతారు. ఇంత కడితే రెండు నెలల సర్టిఫికెట్ ఇస్తారట, రిపోర్టు కూడా వాళ్లే తయారుచేసి పంపిస్తారట. "అందరూ అదే చేస్తున్నారక్కా, మార్కులకి సరిపోతుంది" అంటావు. వింటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బులు పోయినా సంపాదించుకోవచ్చు. రెండో ఏడాది వేసవి మాత్రం మళ్లీ రాదమ్మా.

ఆంధ్రలో ఇంజినీరింగ్ కోర్సులకి ఆర్20 నిబంధనలు వచ్చాక రెండో ఏడాది అయ్యాక ఒకటి, మూడో ఏడాది అయ్యాక ఇంకొకటి, వేసవి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. బిట్స్ పిలానీ వాళ్లయితే ప్రాక్టీస్ స్కూల్ పేరుతో 1973 నుంచే పిల్లల్ని కంపెనీలకు పంపుతున్నారు, చివర్లో ఐదున్నర నెలలు అక్కడే ఉంచుతారు. మన కాలేజీలో అలా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు ఉండకపోవచ్చు. అందుకని ఆ రెండు నెలలూ కాగితం మీద జరిగిపోనివ్వకు. అడిగి సంపాదించుకోవాలి.

మా ఆడపడుచు కూతురు ఈఈఈ చదువుతోంది. పెద్ద కంపెనీల్లో ఎక్కడా దొరక్కపోతే, వాళ్ల ఊరి 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కి వెళ్తానంది. "అక్కడేముంటుందే, నాలుగు స్తంభాలు, ఒక గది" అన్నారు ఇంట్లో. పై ఆఫీసులో అనుమతి తీసుకుని వెళ్లింది. ఏదీ ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వరు కూడా. పక్కన కూర్చుని ఆపరేటర్‌తోపాటు గంట గంటకీ రీడింగులు రాసింది. ట్రాన్స్‌ఫార్మర్ బ్రీదర్‌లో నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ గులాబీ రంగుకి తిరగడం కళ్లారా చూసింది. తేమ పట్టిందని అర్థం, ఇక మార్చాలి. పుస్తకంలో అది రెండు మార్కుల ప్రశ్న.

దాన్ని కదిలించింది మాత్రం ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో లైన్ క్లియర్ తీసుకుంటాడు. తీసుకున్న మనిషి పని ముగించి, తన వాళ్లంతా దిగారని చెప్పి తిరిగి ఇచ్చేదాకా ఆ ఫీడర్‌కి కరెంటు ఇవ్వకూడదు. ఊరంతా ఫోన్లు చేసి విసుక్కుంటున్నా ఆ ఆపరేటర్ కదల్లేదట. "అత్తా, ఆ రిజిస్టర్‌లో ఒక్క సంతకం మీద ఒక మనిషి ప్రాణం ఉంది" అని చెప్తుంటే దాని గొంతు వేరుగా ఉంది. ప్రొటెక్షన్ సబ్జెక్టుని ఇక అది చదివే తీరే మారిపోయింది. నేను అనుభవం అనేది దీన్నే తల్లీ.

మరి కంప్యూటర్స్ వాళ్ల మాటో? మీకు గేటు దగ్గర అనుమతి కూడా అక్కర్లేదు. రోజూ వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకో. దాని ఇష్యూల జాబితా చదువు. మొదట డాక్యుమెంటేషన్‌లో ఒక తప్పు దిద్ది పంపు, తర్వాత చిన్న బగ్. ఎక్కడో కూర్చున్న మనిషి నీ కోడ్ చదివి "ఇది ఇలా కాదు" అని వెనక్కి పంపిస్తాడు చూడు, ఆ దిద్దుబాటు ఏ కోచింగులోనూ దొరకదు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. ఎంపికైతే స్టైపెండ్ కూడా ఇస్తారు.

ఇక అమ్మానాన్నల భయం. ఆడపిల్లని తెలియని చోటికి పంపడానికి వాళ్లకి మనసొప్పదు, అది తప్పని నేననను. నువ్వే అన్నీ కనుక్కుని చెప్పు. ఆఫీసు ఎక్కడ, వేళలేమిటి, ఇంకా ఆడవాళ్లు పనిచేస్తున్నారా, తిరిగొచ్చే బస్సు ఎన్నింటికి. ఇంకోటి గుర్తుంచుకో. పని చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ట్రైనీలకీ, అప్రెంటిస్‌లకీ వర్తిస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. "నేను ఉద్యోగినిని కాదుగా, రెండు నెలల దాన్నే" అని నోరు మూసుకోనక్కర్లేదు. కమిటీలో ఎవరున్నారని మొదటి రోజే అడుగు. ఆ ప్రశ్నకి మొహం మాడ్చుకునే చోటయితే అక్కడ ఉండకు.

వేసవి మొదలయ్యాక తిరిగితే ఎవరూ దొరకరమ్మా. సంక్రాంతి సెలవులకి ఊరొచ్చినప్పుడే కదులు. కాలేజీ నుంచి బోనఫైడ్, హెచ్ఓడీ సంతకంతో ఒక ఉత్తరం దగ్గర పెట్టుకో. నాన్నగారి స్నేహితుల్లో రైస్‌మిల్లు వాళ్లుంటారు, మోటారు వైండింగ్ షాపు వాళ్లుంటారు, పంచాయతీరాజ్ ఇంజినీరు ఒకరైనా ఉంటారు. వెళ్లి "నేర్పించండి" అని ఊరుకోకు. "మీ మిల్లులో మోటార్లు ఏ పూట ఎంత కరెంటు తీసుకుంటున్నాయో రెండు నెలలు రాసి పెడతానండీ" అను. నీ వల్ల వాళ్లకి ఏం ఒరుగుతుందో తెలిస్తే కాదనే మనిషి తక్కువ. ఇద్దరు ముగ్గురు కాదంటారు, నొచ్చుకోకు, నాలుగో చోటికి వెళ్లు. చేరిన రోజు నుంచీ ఒక నోటుబుక్కు పెట్టి, ఏం చూశావో, ఏం అర్థం కాలేదో అదే రాత్రి రాసుకో. కాలేజీకి ఇచ్చే రిపోర్టు అందులోంచే వస్తుంది. రాశాక నాకూ ఒక కాపీ పంపు, కూర్చుని చదువుతాను.