మిరప నారుమడికి అతిబలము చేటు

తొలకరి పడగానే మిరప నారు పోయుటకు సిద్ధమగుదుము. ఆ అదనులో మనలో చాలమంది చేయు పొరపాటు ఒకటి కలదు. నారు త్వరగా ఎదగవలెనను ఆశతో పెంటదిబ్బ నుండి మాగని పేడను గంపలకొలది తెచ్చి మడిలో వేసి, అది చాలదన్నట్లు యూరియా కూడ చల్లుదుము. నారు ముదురు పచ్చగా నవనవలాడుచు కంటికి ఇంపుగా పెరుగును. కాని ఆ ఇంపును నమ్మరాదు.

మొలకెత్తుటకు కావలసిన ఆహారము విత్తనములోనే కలదు. అప్పుడు దానికి కావలసినవి తేమ, గాలి, వెచ్చదనము మాత్రమే. ఎరువు మితిమీరినచో మూడు నష్టములు కలుగును.

1. రసాయనిక ఎరువులలోని లవణములు ఎక్కువైనచో లేత వేళ్ళు నీటిని పీల్చుకొనలేక మాడిపోవును.

2. నత్రజని ఎక్కువైన నారు సన్నగా, పొడవుగా, మెత్తగా సాగును. వేళ్ళు చాలినంత పెరుగవు. అట్టి నారు పొలములో నాటగానే ఎండకు తల వాల్చును.

3. మెత్తని నారుకు, చెమ్మ ఆరని మడిలో, పిథియం అను సూక్ష్మజీవి సులభముగా సోకును. మొదలు కుళ్ళి నారు గుంపులు గుంపులుగా పడిపోవును. ఇదియే నారుకుళ్ళు తెగులు.

మాగని పేడతో వేరుపురుగులు, కలుపు విత్తనములు కూడ మడికి చేరును. నారు చచ్చినచో పోవునది విత్తనపు ఖర్చు మాత్రమే కాదు. మరల పోసిన నారు నాటుటకు ఆరు వారములు పట్టును. ఈలోగా అదను దాటిపోవును.

కావున ఇట్లు చేయుడు. ఎకరమునకు ఒక సెంటు నారుమడి చాలును. మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తుగల మడులు కట్టి, నడుమ మురుగు కాలువలు తీయుడు. చెడువాసన లేక, చేతితో నలిపిన పొడియగు మాగిన ఎరువునే వాడుడు. పైమట్టి మూడు పాళ్ళకు ఎరువు ఒక పాలు మించరాదు. యూరియా వేయరాదు. కిలో విత్తనమునకు 3 గ్రాముల కాప్టాన్ పట్టించి, వరుసలలో పలుచగా విత్తుడు. కుళ్ళు కనిపించినచో నీరు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మడి తడియునట్లు పోయుడు. నాటుటకు వారము ముందు నుండి తడులు తగ్గించినచో నారు గట్టిపడును.

సందేహమున్నవారు ఈ ఏడే పరీక్షించి చూడవచ్చును. మడిలో ఒక మూల మాత్రము మీ పాత పద్ధతిని ఎరువు వేసి, మిగిలిన చోట పైన చెప్పినట్లు చేయుడు. నెల దాటిన పిదప రెండు చోట్ల నుండి నాలుగేసి మొక్కలు పెరికి, వేళ్ళు కడిగి పక్కపక్కన పెట్టుడు. ఎత్తును కాదు, వేళ్ళ కుచ్చును, కాండపు గట్టితనమును చూడుడు. గ్రామోద్యోగులు ఈ మొక్కలను పదిమందికి చూపినచో ఊరికెల్ల మేలు కలుగును.

ఎరువు పెట్టవలసిన చోటు పొలము. నారుమడిలో పెంచవలసినది వేరు.