టీకాలు – విశ్వాసి ఇంటి పిట్టగోడ

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, రాజులు రెండవ గ్రంథము 20:1-7, మత్తయి 4:5-7



టీకా వేయించుకొనుట విశ్వాసమునకు విరోధమా? ఈ ప్రశ్న మన సంఘములలో అప్పుడప్పుడు వినబడుచునే యున్నది. 2021లో కోవిడ్ టీకాలు వచ్చినప్పుడు గట్టిగానే వినబడినది. అయితే భివండిలో నివసించు మనకు ఇది ఊరక వాదించుకొను విషయము కాదు. 2022 అక్టోబరు చివరిలో ముంబయి గోవండి ప్రాంతమున తట్టు వ్యాధితో పసిపిల్లలు మరణించిరి. నవంబరు నాటికి అది మన భివండిలోను, మాలేగావ్‌లోను వ్యాపించెను. రెండును సాంచాల పట్టణములే. ఇక్కడివారు గోవర్ అనునది, మన ఊళ్లలో తట్టు అనునది ఒక్కటే. అది సోకిన పిల్లలలో ఎక్కువమంది టీకా పూర్తిగా పొందనివారే.

టీకా వద్దనువారు కూడ వాక్యమును చూపుదురు గనుక ముందు దానిని చూతము. మొదట చూపునది రాజైన ఆసా సంగతి (దినవృత్తాంతములు రెండవ గ్రంథము 16:12). జబ్బుపడినప్పుడు అతడు యెహోవాను విడిచి వైద్యులను ఆశ్రయించెను. కాని ఆ అధ్యాయము మొదటినుండి చదివితే అతని తప్పు ఎక్కడ మొదలైనదో తెలియును. మందిరపు వెండి బంగారములను సిరియా రాజునకు పంపెను. గద్దించిన ప్రవక్తను చెరసాలలో వేయించెను. వైద్యుని పిలుచుట కాదు, దేవుని విడుచుట అతని దోషము. హిజ్కియా సంగతి దీనికి ఎదురుగా నున్నది. ఇంకను 15 సంవత్సరములు బ్రదుకుదువని దేవుడు మాట ఇచ్చెను. ఆ మాట తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. వాగ్దానము, మందు రెండును ఒకే ప్రవక్త నోట వచ్చినవి.

ఆరోగ్యవంతులకు వైద్యునితో పనిలేదని ప్రభువు చెప్పెను గదా, మంచిగా ఉన్న బిడ్డకు సూది ఎందుకని మరికొందరు అడుగుదురు (మత్తయి 9:12). సుంకరులతో ఎందుకు భోజనము చేయుచున్నాడని అడిగిన పరిసయ్యులకు ఇచ్చిన జవాబది. దానిని దవాఖానా గోడకు అంటించుటకు ఆయన చెప్పలేదు.

అన్నిటికంటె బలముగా చెప్పబడునది 91వ కీర్తన. తెగులు నీ గుడారమును సమీపించదని అందులో వాగ్దానమున్నది, నిజమే. అయితే ఆ కీర్తననే దేవాలయ శిఖరముమీద ప్రభువునకు చదివి వినిపించినది ఎవరు? అపవాది. దేవుడు కాపాడును గనుక దూకుమనెను. ప్రభువు ఆ వాగ్దానమును కాదనలేదు, దూకనూ లేదు. మెట్లు ఉండగా దూకుట విశ్వాసము కాదు, దేవుని శోధించుట అని ఆయన జవాబు మనకు నేర్పుచున్నది.

ఇక మన ముఖ్య వాక్యమునకు వత్తము. క్రొత్త ఇల్లు కట్టువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. ఎవరైన పడిన తరువాత కాదు, పడకమునుపే. పడువాడు ఇంటి యజమానుడే కానక్కరలేదు. చుట్టమై వచ్చినవాడు, పొరుగింటి పిల్లవాడు కావచ్చును. వాడు పడితే రక్తాపరాధము ఇంటివానిమీద నుండును. మనలో చాలమందికి ఇక్కడ మేడ ఎక్కడిది, ఉన్నది పది అడుగుల ఖోలీ అనవచ్చును. ఆ ఖోలీయే అసలు సంగతి. తట్టు వచ్చిన ఒక్కరినుండి రక్షణ లేని 12 నుండి 18 మందికి అది అంటుకొనును. రోగి గదిలోనుండి వెళ్లిపోయిన తరువాత కూడ రెండు గంటల వరకు ఆ గాలిలో సూక్ష్మజీవి నిలిచి యుండగలదు. ఒకే గ్యాలరీలో వరుసగా తలుపులున్నచోట, ఆదివారము ఆరాధనలో మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చున్నచోట, నా బిడ్డ నా ఇష్టము అనుటకు చోటెక్కడ?

మొదటి తట్టు టీకా సాధారణముగా 9 నెలలు నిండిన తరువాత వేయుదురు, రెండవది 16 నుండి 24 నెలల మధ్య. అనగా సంఘములో తల్లి ఒడిలోనున్న ఆరు, ఏడు నెలల బిడ్డకు టీకా రక్షణ లేదు. తల్లినుండి వచ్చిన శక్తియు ఆపాటికి తగ్గిపోవుచుండును. చుట్టునున్నవారు వేయించుకొనుటే ఆ బిడ్డకు పిట్టగోడ. నూటికి 95 మంది రక్షణ పొందితేనే తట్టు ఆగునని వైద్యులు చెప్పుదురు. మనమందరము ఈ గోడ కట్టినప్పుడు ఏమి జరుగునో పోలియో చూపినది. 1995లో పల్స్ పోలియో మొదలైనది. రైలు స్టేషన్లలోను, ఇటుక బట్టీలలోను వలస బిడ్డలను వెదకి చుక్కలు వేసిరి. 2011 జనవరి తరువాత మన దేశములో సహజ పోలియో కేసు లేదు.

భయపడువారందరు అజ్ఞానులని తీసివేయుట న్యాయము కాదు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డగించు టీకాను సుమారు 14,000 మంది బాలికలకు పరిశీలనగా వేసిరి. తరువాత కొందరు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమైనట్లు విచారణలో తేలలేదు. అయితే హాస్టలు పిల్లలకు బదులు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకములు పెట్టిన సంగతి బయటపడెను. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దానిని తీవ్రముగా తప్పుపట్టెను. తల్లిదండ్రులను అడుగకుండ మేలు చేయబోయినను అనుమానమే పండునని ఇది చూపుచున్నది.

మనస్సాక్షిని బలవంతపెట్టరాదనుట బాప్తిస్టులమైన మనకు క్రొత్త కాదు. సుప్రీంకోర్టు కూడ 2022 మే 2న ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదని, అయితే ప్రజారోగ్యము కొరకు తగిన నిబంధనలు పెట్టవచ్చునని తీర్పు చెప్పెను. కావున పెద్దలెవరు బల్లయొద్దకు రానివ్వమని బెదిరింపరాదు. అయితే ఒక మాట. పసిబిడ్డ తనకై నిర్ణయించుకొనలేదని మనము బాప్తిస్మమివ్వము. మరి టీకా మాత్రము ఎందుకని ఒకరు అడుగవచ్చును. మారుమనస్సు బిడ్డకు బదులు మనము పొందలేము. పాలు, బట్ట, మందు మాత్రము మనమే ఇవ్వవలెను. దానికి బిడ్డ ఒప్పుకొనువరకు ఏ తల్లియు ఆగదు.

నిజము చెప్పవలెనంటే, మన పిల్లలకు టీకా తప్పిపోవుట వాదనవలన కంటె ప్రయాణమువలననే ఎక్కువ. కాన్పుకు తల్లిగారింటికి, కరీంనగర్‌కో నల్గొండకో వెళ్లుదురు. పుట్టిననాటి టీకా అక్కడనే అగును. బిడ్డకు మూడు నెలలు రాగానే తిరిగి సాంచాల దగ్గరికి. అడిగితే, "మా ఊళ్లె సూది ఇచ్చిండ్రు, కార్డు అక్కడనే ఉన్నది" అని జవాబు. కార్డు లేదని టీకా ఆగనక్కరలేదు. మునిసిపాలిటీ ఆరోగ్య కేంద్రములో ఉచితముగా వేయుదురు. ఆగినచోటనుండి కొనసాగింతురు గాని మొదటికి రారు. తట్టు టీకా తప్పిన బిడ్డకు ఐదేండ్ల వరకు వేయుదురు. ఫోను ఉన్నవారు కార్డును ఫోటో తీసి ఉంచుకొనుడి. టీకా తరువాత జ్వరము, వారము పది దినములకు సన్నని పొక్కులు కొందరికి వచ్చును, తగ్గిపోవును. వేసిన తరువాత అరగంట అక్కడనే కూర్చుండుడి. బిడ్డకు పెద్ద జబ్బేదైన ఉంటే ముందే డాక్టరుకు చెప్పుడి.

బాప్తిస్మము పొంది ఇరువది ఏండ్లయిన ఇండ్లలో సైతము తట్టు వచ్చినప్పుడు అమ్మవారు అను మాట, వేపమండలు, బిడ్డను దాచుట ఇంకను పోలేదు. దాచిన దినములలోనే న్యుమోనియా ముదురును, కన్ను పోవును. వెంటనే చూపించినచో డాక్టర్లు వరుసగా రెండు దినములు విటమిన్ ఏ ఇత్తురు.

కూడికలో చర్చించుటకు: హిజ్కియాకు వాగ్దానము దొరికిన తరువాత మందు ఎందుకు అవసరమాయెను? మన సంఘములో రెండేండ్లలోపు బిడ్డలు ఎందరు, వారిలో ఎవరి కార్డు ఊరిలో ఉండిపోయినది? ఆరోగ్య కేంద్రమునకు తోడు వెళ్లుటకు, డ్యూటీ లేని సహోదరీలలో ఎవరు సిద్ధముగా ఉన్నారు?