ఇంటి అనుమతి చూసి కస్టమర్‌ని చేరండి
నిర్మాణ రంగం సేల్స్‌లో ఖమ్మం, భద్రాద్రి యువతకు దారి

సేల్స్ ఉద్యోగమంటే మన దగ్గర చాలామంది వెనకాడతారు. ఎవరికి అవసరమో తెలియకుండా రోజంతా గడప గడపా తిరగాలన్నదే వాళ్ల భయం. నిర్మాణ రంగంలో ఆ తిరుగుడు చాలావరకు తప్పించుకోవచ్చు. సిమెంట్, స్టీలు, టైల్స్, లిఫ్టు, గృహరుణం, సోలార్ ప్యానెల్... ఏది అమ్మినా కొనేది ఇల్లు కట్టేవాళ్లే. కట్టబోయేది ఎవరో, ఎక్కడో, ఎంత పెద్ద ఇల్లో అందరికంటే ముందు చెప్పేది భవన నిర్మాణ అనుమతి. ఆ సమాచారాన్ని చదివి, సైటుకెళ్లి సరిచూసి, ఎవరిని ముందు కలవాలో తేల్చుకోగలిగితే ఈ రంగంలో మీకు మంచి స్థానం దొరుకుతుంది.

అమెరికాలో ఇది బాగా పాతుకుపోయిన పద్ధతి. షికాగో, న్యూయార్క్, ఆస్టిన్ వంటి నగరాలు తామిచ్చే అనుమతుల వివరాలను అందరికీ తెరిచి ఉంచుతాయి. పైకప్పులు వేసేవారు, ఏసీలు బిగించేవారు వాటిని చూసుకునే ఆ రోజు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకుంటారు. మన దగ్గర సమాచారం అలా ఒకేచోట తయారుగా ఉండదు. నాలుగు చోట్ల నుంచి ఏరి కూర్చుకోవాలి. అందుకే ఆ పని తెలిసినవారికి ఇక్కడ విలువ ఎక్కువ.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

తెలంగాణలో 2020 నవంబరులో టీఎస్-బీపాస్ వచ్చాక పట్టణాల్లో అనుమతులు ఆన్‌లైన్‌కు మారాయి. 75 చదరపు గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అది దాటితే సింగిల్ విండోలో 21 రోజుల గడువు ఉంటుంది. 2025లో బిల్డ్‌నౌ పేరుతో కొత్త విధానం మొదలైంది. అనుమతుల్లోని ఈ మూడు తరగతులు తెలిస్తే అనుమతి ఏ రకానిదో చూడగానే ఇంటి స్థాయి అంచనాకు వస్తుంది.

ఇతర ఆధారాలు కూడా ఉన్నాయి. అమ్మకానికి కట్టే పెద్ద అపార్ట్‌మెంట్లు, వెంచర్లు తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. బిల్డర్లు మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో అందులో తెలపాలి. లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) కింద ప్లాటు క్రమబద్ధం చేయించుకున్నవారిలో కొందరు త్వరలోనే ఇల్లు మొదలుపెడతారు. ప్లాన్లు గీసే లైసెన్సుడు ఇంజినీర్లకు ఏ వీధిలో పని మొదలవుతుందో అందరికంటే ముందు తెలుస్తుంది. ఇక సైటు దగ్గర ఉంచే అనుమతి వివరాలు దారిన పోయే ఎవరైనా చదవవచ్చు.

ఖమ్మం 2012లో కార్పొరేషన్ అయింది. 2017లో స్తంభాద్రి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. పట్టణం చుట్టుపక్కల ఊళ్లలోని ప్లాట్ల సంగతి తెలుసుకోవాలంటే ఈ రెండు కార్యాలయాల పనితీరు అర్థం చేసుకోవాలి.

ముందు ఎవరిని కలవాలి?

వంద పేర్ల జాబితా చేతిలో ఉన్నంత మాత్రాన అమ్మకం జరగదు. ఈ వారం కలవాల్సిన పదిమంది ఎవరో తేల్చడమే అసలు నైపుణ్యం. అందుకు మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, పని ఏ దశలో ఉంది? ముగ్గు పోసినప్పుడు బోరు, స్టీలు, సిమెంట్ కావాలి. స్లాబుకు సెంట్రింగ్ కొట్టేలోపే కరెంటు పైపులు అమ్మేవారు యజమానితో మాట్లాడుకోవాలి. గోడలు లేచాక కిటికీలు, ప్లాస్టరింగ్ అయ్యాక టైల్స్, గ్రానైట్, ఆ తర్వాత రంగులు, చివర్లో సోలార్, సీసీ కెమెరాలు. లిఫ్టు సంగతి వేరు. దాని గుంత కొలతలు ప్లాన్‌లోనే ఉండాలి కాబట్టి పునాదికి ముందే కలవాలి. టైల్స్ అమ్మేవారు పునాది దశలో వెళ్తే యజమాని వినడు, గృహప్రవేశం ముందు వెళ్తే అప్పటికే కొనేసి ఉంటాడు.

రెండోది, పని ఎప్పుడు మొదలవుతుంది? అనుమతి వచ్చిన రోజే ఎవరూ పలుగు పట్టరు. ఆషాఢంలో శంకుస్థాపన చేసేవారు తక్కువ. ఆ నెలలో అనుమతి తీసుకున్నవారు శ్రావణం కోసం ఆగుతారు. అనుమతి తేదీ పక్కన ముహూర్తాల నెలలు కూడా రాసుకుంటే మీ అంచనా చాలావరకు నిజమవుతుంది.

మూడోది, నిర్ణయం ఎవరిది? సొంతిల్లయితే యజమాని, ఇంట్లో ఆడవాళ్లు కలిసి చూస్తారు. స్టీలు, సిమెంట్ విషయంలో మేస్త్రీ మాట చెల్లుతుంది. అపార్ట్‌మెంటు అయితే బిల్డరే.

ఒక్కో ప్రశ్నకు జవాబు మీకు ఎంత అనుకూలంగా ఉందో చూసి సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేసి ఎక్సెల్‌లో కూడండి. ఏడు దాటినవారిని ఈ వారమే కలవండి. నాలుగు నుంచి ఏడు వరకు వచ్చినవారికి మళ్లీ వెళ్లాల్సిన తేదీ పెట్టుకోండి. మిగతావారిని నెల తర్వాత చూడవచ్చు. కలిసిన ప్రతిసారీ మార్కులు మార్చండి.

భద్రాచలం వైపు లెక్క వేరు

కొత్తగూడెం దాటి అడవి వైపు వెళ్లేకొద్దీ అనుమతి సమాచారం పలచబడుతుంది. భద్రాచలం షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. గృహరుణాల ఉద్యోగంలో చేరినవారు అక్కడి దరఖాస్తులో అన్నిటికంటే ముందు చూడాల్సింది భూమి హక్కునే. ఈ చట్టం ఆదివాసీల భూమికి రక్ష. టార్గెట్ కోసం బినామీ కట్టడాలకు అప్పులు, సరుకు ఇప్పించే పని ఎవరు చెప్పినా చేయకండి.

అనుమతి ఉందా లేదా అన్నది కాగితాల గొడవ మాత్రమే కాదు. 2025 మార్చిలో భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి ప్రాణాలు పోయాయి. ప్లాన్ లేకుండా అంతస్తు మీద అంతస్తు వేస్తున్న సైటు కనిపిస్తే దాన్ని మంచి లీడ్ (కొనే అవకాశమున్న కస్టమర్) అనుకోకండి.

ఈ ప్రాంతంలో బలమైన ఆధారం ఇందిరమ్మ ఇళ్లు. 2024 మార్చి 11న ఈ పథకం భద్రాచలంలోనే మొదలైంది. 5 లక్షల రూపాయల సాయం నాలుగు దశల్లో వస్తుంది, ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల లోపు ఉండాలి. ఒక దశ బిల్లు వచ్చాక తర్వాతి దశ సరుకు కొంటారు. అవి పేదల ఇళ్లు, ప్రతి రూపాయీ లెక్కే. అవసరానికి మించి అంటగట్టకుండా సరైన కొలత చెప్పినవారినే పక్కింటివాళ్లు కూడా పిలుస్తారు.

గోదావరిని కూడా లెక్కలో పెట్టాలి. భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. వరద తీశాక వైరింగ్, తలుపులు, రంగుల పనులు వస్తాయి. వాటికి ఏ అనుమతీ ఉండదు కాబట్టి స్వయంగా తిరిగి చూడాల్సిందే. పట్టణం దాటి ఎటపాక వైపు వెళ్తే 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఊళ్లు వస్తాయి. అక్కడ అనుమతులిచ్చే ప్రభుత్వం వేరు, సరుకు మీద జీఎస్టీ లెక్క వేరు, చాలా కంపెనీల్లో డీలరు పరిధీ వేరు.

దాటకూడని గీత

బహిరంగంగా ఉన్న సమాచారమే వాడండి. కార్యాలయ సిబ్బంది దగ్గర ఫోన్ నంబర్లు కొనడం తప్పు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో కేంద్రం చట్టం చేసింది. ప్రచార కాల్స్ వద్దని డీఎన్‌డీలో నమోదైన నంబర్లకు అలాంటి కాల్స్ చేయడం నిబంధనలకు విరుద్ధం. సమాచార హక్కు చట్టం కింద ఏ వార్డులో ఎన్ని అనుమతులిచ్చారో అడగవచ్చు, వ్యక్తుల సొంత వివరాలు మాత్రం కాదు. సైటుకెళ్లి, పేరు చెప్పుకుని, యజమాని ఇష్టపడి ఇచ్చిన నంబరే మీకు పనికొచ్చే నంబరు.

ఎవరికి ఏ ఉద్యోగం?

సివిల్ డిప్లొమా చేసినవారు సిమెంట్ కంపెనీల టెక్నికల్ సర్వీస్ విభాగంలో చేరవచ్చు. సైటులో కాంక్రీటు నాణ్యత చూపించి సలహా ఇవ్వడం అక్కడి పని. బీకాం, బీబీఏ వారికి గృహరుణాల సంస్థలు, డీలర్ల దగ్గర సేల్స్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. ఐటీఐ ఎలక్ట్రికల్ వారికి సోలార్ మంచి దారి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల రాయితీ ఉంది. ఎక్సెల్ వచ్చినవారు రెండు మూడు దుకాణాలకు లీడ్ల పట్టిక తయారుచేసి ఇస్తూ సొంతంగానూ మొదలుపెట్టవచ్చు.

నేర్చుకోవాల్సినవి నాలుగు: ఇంటి ప్లాన్ చదవడం, ఎక్సెల్‌లో ఫిల్టరు, సార్టు, గూగుల్ మ్యాప్స్‌లో సైట్లు గుర్తించి దారి వేసుకోవడం, ఇంటి కొలతను బట్టి సరుకు అంచనా కట్టడం. చర్ల, దుమ్ముగూడెం వైపు పనిచేసేవారికి కోయ భాష వస్తే పెద్ద బలం. ఆ భాష ఇంట్లో మాట్లాడుకునే యువత దాన్ని బయోడేటాలో ధైర్యంగా రాయాలి.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

మీ ఊళ్లో ఒక వార్డు ఎంచుకోండి. కడుతున్న ప్రతి ఇంటినీ చూసి వీధి, అంతస్తులు, దశ, చూసిన తేదీ పట్టికలో రాయండి. పక్షం తర్వాత మళ్లీ వెళ్లి ఏది ఎంత ముందుకు కదిలిందో నమోదు చేయండి. యజమానుల పేర్లు, నంబర్లు తీసేసి ఆ పట్టికను ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. మీ ప్రాంతంలో వచ్చే మూడు నెలల్లో ఏ సరుకు ఎక్కడ కావాలో కాగితం మీద చూపించగలిగితే, అనుభవం లేదన్న కారణంతో మిమ్మల్ని పక్కన పెట్టడం ఏ మేనేజరుకైనా కష్టమే.