జీవో దగ్గర ఆగకు

బిడ్డా,

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో గల్ఫ్ వలస కుటుంబాల మీద మీ సంస్థ చేసిన పరిశోధన సర్కారును ఏ మేరకు కదిలించిందో తేల్చే పని నీకిచ్చారని మీ బాపు చెప్పిండు. చాలా సంతోషమైంది. ఎన్ని పత్రికల్లో వార్త పడింది, నివేదిక ఎందరు మంత్రుల చేతికందింది అని లెక్కపెడితే మాత్రం అది ప్రచారం లెక్కే అవుతుంది.

కొన్ని పరిశోధనల ఫలితం కండ్లకు కనబడుతది: మన పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టిన, ఉల్లికోడు పురుగును తట్టుకునే జగిత్యాల సన్నాల వరి ఎవరి మడిలో ఉందో గట్టు మీద నిలబడి చూడొచ్చు. విధానాల్లో వచ్చిన మార్పు అట్లా కనబడదు. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు పోయే కార్మికుల కనీస వేతనాలను కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. వలస సంఘాలు కొట్లాడినయ్, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడ్డది, పార్లమెంటులో ప్రశ్నలు లేచినయ్. 2021 జులైలో ఆ ఉత్తర్వులు వాపసయ్యాయి. ఇది ఏ ఒక్కరి గెలుపని చెప్పగలవు? అందుకే "మా వల్లనే" అని రాయకు. ఎవరెవరు ఎప్పుడు ఏం చేశారో తేదీల వారీగా పేర్చి, అందులో మీ నివేదిక ఎక్కడ అక్కరకొచ్చిందో చూపించు. ఆఫీసర్‌ను కలిసిన రోజే ఆయన ఏమన్నడో నోట్ చేసుకో. ఏడాది తర్వాత అడిగితే ఆయనకూ యాదుండదు, నీకూ ఉండదు.

మునుపటి స్థితి రాసిపెట్టి లేకుంటే మార్పును కొలవలేం. కేరళలో 1998 నుంచి కొన్నేళ్లకోసారి వలస సర్వే చేస్తున్నారు. అందుకే వాళ్లు నిన్నటికీ నేటికీ తేడా చెప్పగలరు. మన దగ్గర అట్లాంటి వరుస లేదు. నువ్వే మొదలుపెట్టు: ఏజెంటుకు కట్టిన పైసలు, అప్పు, మిత్తి, చేతికొచ్చిన జీతం.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలిచ్చేందుకు 2024 సెప్టెంబరులో రాష్ట్రం జీవో తెచ్చింది. చాలా నివేదికలు అక్కడికే "ఫలితం సాధించాం" అని ముగుస్తయ్. అసలు పని అక్కడ్నుంచే మొదలైతది. చనిపోయినాయన భార్యకు దరఖాస్తు ఎవరు రాసిచ్చారు? మరణ ధ్రువపత్రం రావడానికి ఎన్ని నెలలు పట్టింది? వారసుల పత్రం కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగింది? పైసలు ఎవరి ఖాతాలో పడ్డయ్, అప్పులోళ్లకు పోయినంక పిల్లల చదువుకు ఏమన్నా మిగిలిందా? శవపేటిక వచ్చిన ఇంటికి పోయి అడుగు. పైసలు చేతికి రానోళ్ల ఇంటికి ముందు పో.

సిరిసిల్లలోనూ ఇదే చూడు. 2017లో మొదలైన సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరుతో ఎన్ని చీరలు నేశారన్న లెక్క ఎవరైనా ఇస్తరు. మరమగ్గాలున్న ఆసామికి ఎంత మిగిలింది, ఆ సాంచా (మరమగ్గం) నడిపే కార్మికునికి ఎంత కూలి పడ్డది, ఆర్డరు లేని నెలల్లో ఆ ఇల్లు ఎట్లా గడిచింది అన్నది నువ్వు రాయాలె.

మీ పరిశోధనను సర్కారు పట్టించుకోకపోతే అదీ దాచకుండా రాయి. పైసలిచ్చిన సంస్థకు నచ్చకపోవచ్చు, భయపడకు. నివేదిక అచ్చుకు పోకముందే ఆ కుటుంబాలకు తెలుగులో చదివి వినిపించు. వాళ్లు కాదన్న వాక్యం ఏదైనా ఉంటే, మళ్లీ విచారించకుండా పైకి పంపకు.

నీ పెద్దబాపు
జగిత్యాల